తెలుసుకొనే హక్కుకు పొలిమేరలు

సాయంకాలం రేడియో ముందు కూర్చుండి మీట త్రిప్పే వారందరికీ ఒక సంగతి అనుభవంలో ఉన్నదే. ముల్లు కొంచెం జరిగితే తమిళం వినవస్తుంది. మరికొంచెం జరిగితే కన్నడం. ప్రొద్దుపోయిన తరువాత హ్రస్వతరంగాలపై సముద్రాల కావలి భాషలు కూడ వినవస్తాయి. ప్రతి ప్రసారకేంద్రానికీ ఒక పరిధి ఉన్నమాట నిజమే. కాని ఆ పరిధి ఏ జిల్లా సరిహద్దురాయి దగ్గరా ఠక్కున ఆగిపోదు. ధ్వని క్రమక్రమంగా పలుచబడుతుందే తప్ప, గట్టుకు ఈవల స్పష్టంగా వినబడి గట్టుకు ఆవల బొత్తిగా వినబడకపోవడం జరుగదు. పొరుగు రాష్ట్రాలలోని తెలుగువారు మా కేంద్రానికి వ్రాసే ఉత్తరాలే ఇందుకు సాక్ష్యం.

చట్టం స్వభావం అది కాదు. చట్టం రాయి దగ్గర ఆగుతుంది. రాయికి ఈవల నిలిచినవాడికి హక్కు. ఆవల నిలిచినవాడికి అది లేదు. ప్రతి చట్టంలోను మొదటి సెక్షను ఈ సంగతినే చెబుతుంది. చట్టం పేరేమి, అది ఏ ప్రాంతానికి వర్తిస్తుంది, ఏనాటినుండి అమలులోనికి వస్తుంది అనే మూడు విషయాలు అందులో ఉంటాయి. న్యాయవాదులు తప్ప తక్కినవారు దానిని చదువరు. శుభలేఖ మీది శ్రీరస్తు, శుభమస్తు వలె మన కన్ను దానిని దాటి లోపలి సంగతికి పోతుంది. అయితే ఒక్కొక్కప్పుడు లోపలి సంగతి అంతా ఆ మొదటి నాలుగు మాటల మీదనే ఆధారపడి ఉంటుంది.

ప్రభుత్వం వద్దనున్న కాగితాలను చూచే హక్కు, అనగా ఇప్పుడు మనం సమాచార హక్కు అని పిలుచుకొనేది, ఈ విషయంలో మంచి ఉదాహరణ. ఆ హక్కు చరిత్రను పరిశీలించినకొద్దీ, అది ఎప్పుడు పుట్టినదన్న ప్రశ్నతోపాటు, అది ఎక్కడ ఆగినదన్న ప్రశ్న కూడ ముఖ్యమైనదని తెలుస్తుంది.

ప్రభుత్వ పత్రాలను ప్రజలు చూడవచ్చునని మొట్టమొదట శాసనం చేసిన దేశం స్వీడన్. ఆ శాసనం 1766 డిసెంబరు 2వ తేదీనాటిది. అప్పటికి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన వెలువడలేదు. ఫ్రెంచి విప్లవం ఇంకా ఇరువదిమూడేండ్ల దూరాన ఉన్నది. ఆనాటి స్వీడన్ రాజ్యంలో నేటి ఫిన్లాండు అంతర్భాగం. బోత్నియా సింధుశాఖకు పడమట స్వీడన్, తూర్పున ఫిన్లాండు. రెండింటికీ రాజు ఒకడే, చట్టం ఒకటే.

ఈ శాసనం కోసం అందరికంటె ఎక్కువగా పాటుపడిన వ్యక్తి రాజధానికి చెందినవారు కారు. వారు ఫిన్లాండు తీరాన ఒక చిన్న గ్రామంలో పనిచేస్తుండిన క్రైస్తవ మతాచార్యులు. పేరు ఆండర్స్ కిడేనియస్. 1729లో ఫిన్లాండులోని సొత్కామో అనేచోట జన్మించారు. ఆ తీరప్రాంతం వారికి తారు ముఖ్యమైన సరుకు. ఓడల చెక్కలకు పూసే ఆ తారును వారు నేరుగా విదేశాలకు పంపుకొనే వీలు లేదు. స్టాక్‌హోము వర్తకుల చేతిమీదుగానే పోవలెనన్న నిర్బంధం ఉండేది. ఆ నిర్బంధాన్ని తొలగించే పని మీద కిడేనియస్ 1765లో మతాచార్యుల ప్రతినిధిగా ప్రతినిధి సభకు వెళ్ళారు. ప్రభుత్వ వ్యవహారాలు మూసిన తలుపుల వెనుక నడచినంతకాలం దూరప్రాంతాలవారి మాట చెల్లదని అక్కడ వారు గ్రహించినట్లున్నది. తారు సంగతితోపాటు అచ్చు స్వేచ్ఛ సంగతిని కూడ చేపట్టారు.

1766 నాటి శాసనం రెండు పనులు చేసినది. మతవిషయక రచనలను మినహాయించి, అచ్చుకు ముందు పరీక్షించే పద్ధతిని రద్దు చేసినది. ప్రభుత్వ కార్యాలయాలలోని పత్రాలను ప్రజలు చూచుటకు, నకలు వ్రాసుకొనుటకు, అచ్చువేసుకొనుటకు అనుమతించినది. శాసనం వెలువడేనాటికి కిడేనియస్ సభలో లేరు. ప్రభుత్వ ద్రవ్య విధానాన్ని విమర్శిస్తూ ఒక చిన్న పుస్తకం ప్రకటించినందుకు వారిని సభనుండి బహిష్కరించారు. తాను తెచ్చిన వెలుగు ఫలితాన్ని వారు ఇంటివద్ద నుండియే చూడవలసి వచ్చినది. 1771లో ఫిన్లాండులోని తుర్కు పట్టణంనుండి ఆ ప్రాంతపు మొదటి వార్తాపత్రిక వెలువడినది.

ఆ వెలుగు ఎక్కువకాలం నిలువలేదు. 1772 ఆగస్టులో రాజు గుస్తావ్ III అధికారాన్ని తన చేతిలోనికి తీసుకొన్నారు. 1774లో వెలువడిన కొత్త శాసనం ఆ స్వేచ్ఛను చాలవరకు కుదించినది. తరువాత 1809లో స్వీడన్‌లో రాజు పదవీచ్యుతుడైనాడు. కొత్త రాజ్యాంగం వచ్చినది. 1810లో అచ్చు స్వేచ్ఛా శాసనం, దానితోపాటు పత్రాలను చూచే హక్కు తిరిగి వచ్చినవి.

అయితే ఆ నడుమనే సరిహద్దు జరిగినది. 1808లో రష్యా ఫిన్లాండుపై దండెత్తినది. 1809 సెప్టెంబరు 17వ తేదీ నాటి సంధి ప్రకారం ఫిన్లాండు రష్యా చక్రవర్తి వశమైనది. సింధుశాఖకు పడమటి ఒడ్డున హక్కు తిరిగి మొలకెత్తేసరికి, ఆ విత్తనాన్ని మోసుకొని వెళ్ళిన మనిషి పుట్టిన ఒడ్డు మరొక రాజ్యంలో ఉన్నది. కిడేనియస్ 1803లోనే మరణించారు కనుక ఈ వైపరీత్యాన్ని చూడలేదు. రష్యా పాలనలో 1829లో అచ్చుపై కఠినమైన నిబంధనలు వచ్చినవి. 1850లో, మతానికి, జీవనోపాధికి సంబంధించినవి తప్ప తక్కిన పుస్తకాలను ఫిన్నిష్ భాషలో అచ్చువేయరాదని కూడ ఆజ్ఞ వెలువడి, సుమారు పదేండ్లు అమలులో ఉన్నది. 1917లో ఫిన్లాండు స్వతంత్రమైనది. ప్రభుత్వ పత్రాలు బహిరంగమైనవని చెప్పే చట్టం అక్కడ 1951లో వచ్చినది. ఎల్ల జరిగిన నాటినుండి లెక్కించితే మధ్యలో 142 సంవత్సరాలు గడచినవి.

ఆ 142 ఏండ్లలో ఫిన్లాండు రైతు తన పొలం విడిచి ఎక్కడికీ పోలేదు. ఆయన ఉన్నచోటనే ఉన్నాడు. ఎల్ల మాత్రం ఆయన పైనుండి దాటిపోయినది. చట్టం వర్తించే ప్రాంతమన్న ఆ చిన్న వాక్యంలో ఎంత బరువు ఉన్నదో ఈ ఒక్క ఉదాహరణ చాలును.

ఇక మన దేశానికి వద్దాం. 1923 నాటి అధికార రహస్యాల చట్టం నీడలో పెరిగిన మన కార్యాలయాలకు, కాగితాన్ని దాచడం అలవాటు, చూపడం మినహాయింపు. ప్రజాప్రతినిధులు, అధికారులు చేసే ప్రతి పనినీ తెలుసుకొనే హక్కు ఈ దేశ ప్రజలకు ఉన్నదని సుప్రీంకోర్టు 1975లో రాజ్ నారాయణ్ వ్యాజ్యంలో చెప్పినది. ఆ మాటకు గ్రామాలలో ప్రాణం పోసినవారు రాజస్థాన్ కూలీలు. కరవు పనులలో తమకు చెల్లించినట్లు వ్రాసిన కూలి ఎంత, చేతికి వచ్చినది ఎంత అన్నది తేలవలెనంటే మస్టరు రోలు చూడవలెను. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంస్థ 1994 చివరనుండి గ్రామాలలో బహిరంగ విచారణలు జరిపి ఆ కాగితాలను అందరియెదుట చదివించినది. 1996లో బ్యావర్ పట్టణంలో నలుబది రోజులపాటు ధర్నా జరిగినది. తెలుసుకొనే హక్కు చదువుకొన్నవారి విలాసం కాదని, అది దినకూలి లెక్క అని ఆ ఉద్యమం దేశానికి చూపినది.

కేంద్రం చట్టం చేయకముందే కొన్ని రాష్ట్రాలు ముందడుగు వేసినవి. 1997లో తమిళనాడు, గోవా. 2000లో రాజస్థాన్, కర్ణాటక. ఆపైన ఢిల్లీ, మహారాష్ట్ర, అస్సాం, మధ్యప్రదేశ్ మొదలైనవి. ఆ వరుసలో ఆంధ్రప్రదేశ్ లేదు. అప్పుడు తెలుగువారి పరిస్థితి ఎట్లున్నదో ఒకసారి ఆలోచించండి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు నగరం ఆవల మిగిలినది. బళ్ళారి మైసూరులో చేరినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం మనకు వచ్చినవి. 1960 ఏప్రిల్ 1వ తేదీన సరిహద్దుల సవరణలో తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళినది. ఆ గీతలు గీసిన రోజులలో పెద్దలు భాషను గూర్చి, నదీజలాలను గూర్చి, పన్నుల రాబడిని గూర్చి వాదించుకొన్నారు. అవి ఒకనాడు కాగితం చూచే హక్కుకు కూడ గీతలవుతవని ఎవరు అనుకొన్నారు?

కాని అట్లే జరిగినది. తిరుత్తణిలో ఉన్న తెలుగు కుటుంబానికి 1997లోనే, తమ రాష్ట్రపు కార్యాలయాలను అడిగే చట్టం ఒకటి చేతికి వచ్చినది. ఆ చట్టం మినహాయింపులతో నిండినదే. పెద్దగా ఉపకరించినదని చెప్పలేము. అయినా అది చట్టం. కూతవేటు దూరాన నగరిలో ఉన్న వారి బంధువుల కుటుంబానికి అట్టిది 2005 వరకు లేదు. బళ్ళారికి, ఆదోనికి నడుమ కూడ అదే తేడా. భాష ఒకటి, బంధుత్వం ఒకటి, పండుగ ఒకటి. అడిగే హక్కు మాత్రం రెండు విధాలు.

పార్లమెంటు 2002లో సమాచార స్వేచ్ఛా చట్టమని ఒకటి ఆమోదించినది. అది ఏనాడూ అమలులోనికి రాలేదు. దానిని రద్దుచేస్తూ వచ్చిన సమాచార హక్కు చట్టానికి 2005 జూన్ 15వ తేదీన రాష్ట్రపతి ఆమోదం లభించినది. అక్టోబరు 12వ తేదీనుండి పూర్తిగా అమలులోనికి వచ్చినది. పది రూపాయల రుసుము, ముప్పది రోజుల గడువు. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన విషయమైతే నలుబది యెనిమిది గంటలలో జవాబు. దేశమంతటికీ ఒకే విధమైన హక్కు అని ఆనాడు అందరూ సంతోషించారు.

దేశమంతటికీనా? మొదటి సెక్షను రెండవ ఉపసెక్షను చదివినవారికి వేరొక మాట కనిపించినది. జమ్మూ కాశ్మీర్ రాష్ట్రం తప్ప యావద్భారతానికి ఈ చట్టం వర్తిస్తుందని అందులో ఉన్నది.

ఇది ఆ ఒక్క చట్టానికి వచ్చిన విశేషం కాదు. 1947 అక్టోబరు 26వ తేదీన మహారాజా హరిసింగ్ విలీన పత్రంపై సంతకం చేశారు. దానిని అనుసరించి రాజ్యాంగంలో 370వ అధికరణం ఏర్పడినది. ఆ రాష్ట్రానికి సంబంధించి పార్లమెంటు అధికారం పరిమితం. అవశిష్టాధికారాలు చాలవరకు రాష్ట్రానివే. 1957 జనవరి 26వ తేదీనుండి ఆ రాష్ట్రానికి సొంత రాజ్యాంగం కూడ అమలులోనికి వచ్చినది. భారత శిక్షాస్మృతి సైతం అక్కడ వర్తించేది కాదు. దానికి బదులు 1932 నాటి రణబీర్ శిక్షాస్మృతి ఉండేది. ఆ కారణంగా ఎన్నో కేంద్ర చట్టాల మొదటి సెక్షనులో ఆ మినహాయింపు వాక్యం ఒక అలవాటుగా చేరినది.

అంతమాత్రాన ఆ రాష్ట్ర ప్రజలకు ఏ హక్కూ లేదనుకొనడం పొరపాటు. అక్కడి శాసనసభ 2004లోనే ఒక చట్టం చేసినది. అది బలహీనమైనదని విమర్శలు రాగా, 2009 మార్చిలో కేంద్ర చట్టాన్ని చాలవరకు పోలిన కొత్త చట్టం తెచ్చినది. రెండు విషయాలలో మాత్రం ఆ చట్టానికి తన ప్రత్యేకత ఉన్నది. మొదటిది, అడిగే హక్కును రాష్ట్రంలో నివసించే వ్యక్తులకే ఇచ్చినది. రెండవది, కమిషన్ వద్దకు వచ్చే రెండవ అప్పీలును అరువది రోజులలో, ఎంత ఆలస్యమైనా నూటయిరువది రోజులలో, తేల్చవలెనని గడువు పెట్టినది. కేంద్ర చట్టంలో కమిషన్‌కు అట్టి గడువు లేదు.

ఈ రెండింటి ఫలితాలను ప్రక్కప్రక్కన ఉంచి చూడండి. విజయవాడనుండి అమరనాథ యాత్రకు వెళ్ళిన ఒక వృద్ధుని కుటుంబం, యాత్రామార్గంలో రాష్ట్ర ప్రభుత్వం చేసిన వైద్య ఏర్పాట్లను గూర్చి అడుగదలచినదని అనుకొందాం. కేంద్ర చట్టం అక్కడికి పోదు. అక్కడి చట్టం వీరిని గుర్తించదు. రెండు చట్టాల నడుమనున్న సన్నని గట్టుమీద ఆ కుటుంబం నిలిచిపోవలెను. ఇంకొక ప్రక్క, శ్రీనగర్‌లో నివసించే రైతు తన అప్పీలు నాలుగు నెలలలో తేలవలెనని చట్టాన్ని చూపి అడుగగలడు. విజయవాడ రైతు అట్లా అడుగలేడు.

2019 ఆగస్టులో 370వ అధికరణం క్రింది ప్రత్యేక ఏర్పాటు ముగిసినది. అక్టోబరు 31వ తేదీనుండి ఆ రాష్ట్రం జమ్మూ కాశ్మీర్, లదాఖ్ అనే రెండు కేంద్రపాలిత ప్రాంతాలైనది. 2009 నాటి రాష్ట్ర చట్టం రద్దయినది. కేంద్ర చట్టంలోని మినహాయింపు మాటలను తొలగించినారు. 2023 డిసెంబరు 11వ తేదీన సుప్రీంకోర్టు 370వ అధికరణపు రద్దును సమర్థించినది. ఆ పెద్ద రాజకీయ మార్పు మంచిచెడ్డలు ఈ ప్రసంగానికి విషయం కాదు. సమాచార హక్కు వరకు చూచినచో, ఒక లాభం, ఒక నష్టం స్పష్టంగా కనబడతవి. ఏ రాష్ట్రపు పౌరుడైనా ఇప్పుడు శ్రీనగర్ కార్యాలయాన్ని అడుగవచ్చును, గట్టు తొలగినది. కాని అక్కడి ప్రజలకు తమ సొంత కమిషన్ పోయి, అప్పీళ్ళు ఢిల్లీలోని కేంద్ర కమిషన్‌కు చేరినవి. నూటయిరువది రోజుల గడువు కూడ పోయినది. పొలం విస్తరించినది, గడియారం తీసివేశారు. ఆ గడువును కేంద్ర చట్టంలో చేర్చి ఉంటే శ్రీనగర్ రైతు నష్టపడకపోగా విజయవాడ రైతు కూడ బాగుపడేవాడు.

ఇంతవరకు భూమికి సంబంధించిన ఎల్లను గూర్చి చెప్పుకొన్నాం. అడిగే మనిషికి సంబంధించిన ఎల్ల వేరొకటి ఉన్నది. మన చట్టం మూడవ సెక్షను ఈ హక్కును పౌరులకు ఇచ్చినది. పౌరుడు ఎక్కడ ఉన్నా పౌరుడే. కువైట్‌లో పనిచేస్తున్న కడప జిల్లా కార్మికుడు తన గ్రామపంచాయతీ లెక్కను అక్కడినుండియే అడుగవచ్చును. విదేశాలలోని భారత పౌరులు కేంద్ర కార్యాలయాలకు రుసుము చెల్లించుకొనుటకు తపాలాశాఖ 2013 మార్చి 22వ తేదీన ఎలక్ట్రానిక్ పోస్టల్ ఆర్డరును ప్రవేశపెట్టినది. కాని అతని ఊరివాడే అమెరికాలో స్థిరపడి ఆ దేశపు పౌరసత్వం తీసుకొన్నచో, తాను చదివిన పాఠశాల మరమ్మతు ఖర్చునైనా ఈ చట్టం క్రింద అడిగే హక్కు అతనికి ఉండదు.

అమెరికా చట్టం ఇందుకు భిన్నమైనది. 1966 జూలై 4వ తేదీన అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన ఆ చట్టంలో హక్కు ఏ వ్యక్తికైనా ఉన్నది. అడిగేవాడు ఆ దేశపు పౌరుడై ఉండవలెననే నియమం లేదు. గుంటూరు మిరప రైతు వాషింగ్టన్‌లోని వ్యవసాయశాఖకు దరఖాస్తు పంపుకొనవచ్చును. అయితే ఆ చట్టం కేంద్రప్రభుత్వ శాఖలకే వర్తిస్తుంది. రాష్ట్రాలకు వేరువేరు చట్టాలు ఉన్నవి. వాటిలో వర్జీనియా రాష్ట్రపు చట్టం హక్కును ఆ రాష్ట్ర పౌరులకే పరిమితం చేసినది.

దీనిపై వ్యాజ్యం వచ్చినది. వేసినవారు ఇద్దరు. ఒకరు ఒకప్పుడు వర్జీనియాలో నివసించి తరువాత వేరొక రాష్ట్రానికి తరలిపోయినవారు. తన బిడ్డ పోషణ ఖర్చుకు సంబంధించిన అర్జీని అక్కడి శాఖ తొమ్మిది నెలలు ఆలస్యం చేయగా, ఆ కాగితాలు అడిగారు. రెండవవారు భూముల పన్ను లెక్కలను సేకరించి ఖాతాదారులకు అందించే వృత్తిలో ఉన్నవారు. మీరు మా రాష్ట్ర పౌరులు కారని జవాబు వచ్చినది. 2013 ఏప్రిల్ 29వ తేదీన అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఏకాభిప్రాయంతో వర్జీనియా పక్షాన తీర్పు చెప్పారు. ప్రభుత్వ సమాచారాన్ని పొందడం, ఒక రాష్ట్రం ఇతర రాష్ట్రాలవారికి కూడ తప్పక ఇవ్వవలసిన మౌలిక హక్కులలో చేరదని వారి నిర్ణయం. మొదటివారికి కావలసిన సమాచారంలో ఎక్కువ భాగం వేరొక చట్టం క్రింద దొరికినదని కూడ వారు గుర్తుచేశారు.

వర్జీనియా చట్టంలో మన రేడియో కుటుంబాలకు ఆసక్తి కలిగించే మాట ఒకటి ఉన్నది. పౌరులతోపాటు మరికొందరికి కూడ ఆ చట్టం హక్కు ఇచ్చినది. ఆ రాష్ట్రంలో చెల్లుబాటుగల పత్రికల ప్రతినిధులు, ఆ రాష్ట్రంలో గాని ఆ రాష్ట్రంలోనికి గాని ప్రసారం చేసే రేడియో, టెలివిజను కేంద్రాల ప్రతినిధులు అందులో చేరుతారు. అనగా, కేంద్రం పొరుగు రాష్ట్రంలో ఉన్నా సరే, దాని ధ్వని సరిహద్దు దాటి వచ్చి అక్కడి ఇంటిలో వినబడితే, ఆ కేంద్రంవారు అడుగవచ్చును. మనిషికి లేని ప్రవేశాన్ని ఆ చట్టం తరంగానికి ఇచ్చినది. వినేవాడు ఈవల ఉన్నాడు గనుక, చెప్పేవాడికి తెలియవలెనన్నది అందులోని న్యాయం. ఆ న్యాయాన్ని కొంచెం పొడిగించితే, ఒక ప్రభుత్వపు పని ఎవరి జీవితాన్ని తాకుతుందో వారు ఆవలనున్నా అడుగదగినవారే అవుతారు.

మూడవ ఎల్ల కాగితానిది. భూమి ఈవల, మనిషి ఈవల ఉండి, కాగితం ఆవల ఉంటే ఏమి చేయవలెను? బ్రిటన్‌లో 2000 సంవత్సరంలో చేసిన సమాచార స్వేచ్ఛా చట్టం 2005 జనవరి 1న అమలులోనికి వచ్చినది. అందులో కూడ అడిగేవాడు ఏ వ్యక్తి అయినా కావచ్చును. అయినా, ఉన్నదని తెలియని కాగితాన్ని అడుగుట ఎట్లు?

ఆఫ్రికాలోని కెన్యా 1952నుండి 1960 వరకు అత్యవసర పరిస్థితిలో ఉన్నది. మౌ మౌ తిరుగుబాటును అణచే పేరుతో వేలాదిమందిని నిర్బంధ శిబిరాలలో ఉంచి హింసించారు. 1963 డిసెంబరు 12వ తేదీన దేశం స్వతంత్రమైనది. వలస రాజ్యాలను విడిచిపోయేముందు, బ్రిటిషు ప్రభుత్వాన్ని ఇబ్బందిలో పెట్టగల కాగితాలు కొత్త ప్రభుత్వాల చేతికి పోరాదని లండన్‌నుండి 1961లో ఆదేశాలు వెళ్ళినవి. కొన్నిటిని తగులబెట్టారు. కొన్నిటిని ఇంగ్లండుకు తరలించారు. అవి బకింగ్‌హాంషైర్‌లోని హాన్‌స్లోప్ పార్కు అనేచోట దశాబ్దాల తరబడి ఎవరికంటా పడకుండ ఉన్నవి.

శిబిరాలలో హింసకు గురియైన కెన్యా వృద్ధులు కొందరు 2009లో లండన్ కోర్టులో వ్యాజ్యం వేశారు. ఆ వ్యాజ్యం నడుస్తుండగా 2011లో, ఆ ఫైళ్ళు తమవద్ద ఉన్నవని బ్రిటిషు విదేశాంగశాఖ ఒప్పుకొన్నది. అవి కెన్యావి మాత్రమే కావు; 37 పూర్వపు వలస ప్రాంతాలకు చెందినవి సుమారు 8,800 ఫైళ్ళు. 2013 జూన్ 6వ తేదీన ప్రభుత్వం విచారం వెలిబుచ్చి, 5,228 మందికి ఖర్చులతో కలిపి 1 కోటి 99 లక్షల పౌన్ల పరిహారానికి ఒడంబడినది. ఆ వృద్ధుల శరీరాలమీది మచ్చలు కెన్యాలో ఉన్నవి; వాటి లెక్క వ్రాసిన కాగితం ఇంగ్లండులో ఉన్నది. దేశం స్వతంత్రమైనా, కాగితం కాలేదు.

ఈ మూడు ఎల్లలను కలిపి చూచినప్పుడు మనకు తోచేది ఏమి? చట్టానికి హద్దు ఉండరాదని చెప్పడం అమాయికత అవుతుంది. హద్దులేని చట్టాన్ని అమలుపరచే యంత్రాంగం ఎక్కడా లేదు. కాని హద్దులన్నీ ఒక్కటి కావు. కొన్ని పాలనా సౌకర్యం కోసం గీసినవి. కొన్ని చరిత్ర మిగిల్చి పోయినవి. కొన్ని దాచుటకే గీసినవి. ఫిన్లాండుది రెండవ జాతి, హాన్‌స్లోప్ పార్కుది మూడవ జాతి. హద్దు ఏ జాతిదో అడిగి తెలుసుకొనడం పౌరుని పని.

మన ఇంటి అనుభవమే ఒకటి చెప్పి ముగిస్తాను. 2014 జూన్ 2వ తేదీన ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాలైనది. మళ్ళీ ఒక కొత్త గీత వచ్చినది. ఊళ్ళు, ఉద్యోగులు, నీళ్ళు, ఫైళ్ళు పంపకానికి వచ్చినవి. కాని 1809లో ఫిన్లాండు రైతుకు జరిగినది ఖమ్మం రైతుకు గాని కృష్ణాజిల్లా రైతుకు గాని జరుగలేదు. అడిగే హక్కు ఒక్కరోజు కూడ తెగలేదు. చట్టం ఆ గీతకంటె విశాలమైనది గనుకనే అట్లు జరిగినది. అయితే హక్కును నిలబెట్టే కమిషన్ సంగతి వేరు. తెలంగాణకు ప్రత్యేక కమిషన్ 2017లో గాని ఏర్పడలేదు. చట్టం వర్తించడం ఒకటి, దానిని వర్తింపజేసే మనుష్యులు కుర్చీలో ఉండడం మరొకటి అని ఆ మూడేండ్లు మనకు తెలియజెప్పినవి.

ఈసారి ఏ కొత్త చట్టమైనా మీ చేతికి వచ్చినప్పుడు, శ్రీరస్తు దాటినట్లు మొదటి సెక్షనును దాటిపోకండి. అది ఎక్కడ ఆగుతున్నదో చూడండి. ఆ రాయికి ఆవల ఎవరి ఇల్లు ఉన్నదో కూడ ఒక్క క్షణం ఆలోచించండి. మా ప్రసారం ఆ ఇంటికి కూడ వినబడుతూనే ఉంటుంది.